ఆలస్యంగా వచ్చినవాళ్ళ వరుస

ఆ బడికి గేటు లేదు. రెండు రాతి స్తంభాలు, వాటి మధ్య అరిగిపోయిన గడప, అంతే. తలుపులు పెట్టించాలని ఎవరికీ తోచలేదు, అవసరం పడలేదు కాబట్టి. పొద్దున గంట మోగి లోపల ప్రార్థన మొదలయ్యాక ఆ గడప దాటి ఏదీ లోపలికి వచ్చేది కాదు. పిల్లలు ఆగేవారు, పంతుళ్ళు ఆగేవారు, పాలవాడి సైకిలు ఆగేది. వాన వీధి పొడుగునా కురుస్తూ వచ్చి గడప దగ్గర నిలిచిపోయేది. గాలీ అంతే. ఎదురుగా ఉన్న రొట్టెల బట్టీ నుంచి వచ్చే కమ్మటి వాసన కూడా స్తంభాల దాకా వచ్చి బుద్ధిగా ఆగేది. అందుకే ఈ బడి పిల్లలకి ప్రార్థన మధ్యలో ఆకలి వేయదని ఊళ్ళోవాళ్ళు గొప్పగా చెప్పుకునేవారు.

గొప్ప చెప్పుకోవడానికి ఆ ఊరికి ఇంకేం ఉంది గనక! కోట లేదు, నది లేదు, పేరున్న మనిషి ఒక్కడూ అక్కడ పుట్టలేదు. పక్క ఊరివాళ్ళు తమ కొత్త వంతెన గురించి మొదలుపెడితే మాత్రం వీళ్ళు ఊరుకునేవారు కాదు. "మీ వంతెన కింద నీళ్ళు ఆగకుండా పోతాయి కదా? మా బడి ముందు వానే ఆగుతుంది," అని నోరు మూయించేవారు.

బడి నియమాలు ఏ బోర్డు మీదా రాసి ఉండేవి కావు. కొత్తగా చేరిన పిల్లలు పాత పిల్లల నోటి నుంచి నేర్చుకునేవారు. వసారాలో పరుగెత్తకూడదు. ఎత్తుకున్న పాట మధ్యలో వదలకూడదు. ఎవరి మీదైనా చాడీ చెప్పాలంటే వాళ్ళ ఎదురుగానే చెప్పాలి. ఈ ఒక్క నియమంతో సగం చాడీలు దారిలోనే చచ్చేవి. గడప లోపల బంధుత్వాలు లేవు: అన్నని అన్నా అనకూడదు, పిన్నిని పిన్నీ అనకూడదు, అందరూ విద్యార్థులే, అందరూ టీచర్లే. ఇక ఆలస్యం సంగతి.

ఆలస్యంగా వచ్చినవాళ్ళు వచ్చిన వరుసలో గడప బయట నిలబడాలి. ప్రార్థన అయ్యాక పెద్ద టీచరు వచ్చి ఒక్కొక్కరినీ "ఎందుకు ఆలస్యం?" అని అడిగేది. నిజం చెప్పాలి. అందరికీ వినపడేలా చెప్పాలి. గడప దగ్గర ఒకసారి చెప్పిన కారణం మళ్ళీ చెల్లదు. కారణం నిజమైతే, కొత్తదైతే, ఎంత తలతిక్కదైనా సరే, "రా," అనాల్సిందే. ఆ మాట వినపడితేనే కాలు గడప దాటేది. వినపడకముందే దాటుదామని చూసినవాళ్ళ అడుగు ముందుకి లేచి, వెనక్కే పడేది. వరుసంతా అయ్యాక, వానగానీ కాసుకుని ఉంటే పెద్ద టీచరు తల పైకెత్తి, "నువ్వూ రావమ్మా," అనేది. అప్పుడు బడి ఆవరణలో టపటపా చినుకులు పడేవి.

పెద్ద టీచరుని ఊరంతా గంటమ్మ అనేది. గంట కొట్టేది ఆవిడే, పాట ఎత్తుకునేది ఆవిడే, గడప దగ్గర అడిగేదీ ఆవిడే. ఆవిడ గంట ఊరి గడియారం కంటే కాస్త ముందే మోగేది. "దేవుడి దగ్గరికి వేళకి పోవడం ఏం గొప్ప? కాస్త ముందే పోవాలి," అనేది. పాడేటప్పుడు కూడా అంతే, అందరి గొంతుల కంటే ఆవిడ గొంతు అరక్షణం ముందు నడిచేది. బడి పెట్టినవాళ్ళ మనవలు స్వయంగా వచ్చి గంట సరిచేయమని అడిగినా వినలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

అలాంటి గంటమ్మకి అలాంటి మనవరాలు ఎలా వచ్చిందో ఎవరికీ అర్థమయ్యేది కాదు. కూతురి కూతురు. పద్నాలుగేళ్ళు. ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే వీధిలో నడిచి వస్తారు, అయినా అమ్మమ్మ అందరికంటే ముందు, మనవరాలు అందరికంటే వెనక. బద్ధకం అనుకుంటే పొరపాటు. తెల్లారకముందే లేచే పిల్ల. కళ్ళే ఆ పిల్ల శత్రువులు. దారిలో ఏదో ఒకటి కనపడేది, కాళ్ళు ఆగిపోయేవి. ఊళ్ళో అందరూ కారణాల పిల్ల అనేవారు.

"ఎందుకు ఆలస్యం?"

"మంగలి షాపులో ఒకాయన సగం గడ్డం గీయించుకుని నిద్రపోయాడు టీచర్. మంగలికి లేపాలంటే మొహమాటం. ఏం చేస్తాడో చూద్దామని ఆగాను."

"రా."

ఇంకో రోజు: "పిల్లి ఒకటి రోడ్డు దాటాలా వద్దా అని ఆలోచిస్తోంది టీచర్. ఏదో ఒకటి తేల్చుకుంటుందేమోనని చూశాను."

"దాటిందా?"

"లేదు టీచర్. కూర్చుంది."

"రా."

ఆ పిల్ల కారణాలు వినడానికి బట్టీవాళ్ళు చేతులకి పిండి అలాగే ఉండగా బయటికి వచ్చి నిలబడేవారు. గంటమ్మ మాత్రం నవ్వేది కాదు. ఇంటికెళ్ళాక, రాత్రి అన్నాల దగ్గర, ఎటో చూస్తూ, "ఇంతకీ ఆ మంగలి లేపాడా లేదా?" అని అడిగేది. అంతకుమించి మాట్లాడేది కాదు. ఊళ్ళో ఎవరి పిల్లల గురించి ఎత్తినా కళ్ళు మెరిపించుకుంటూ చెప్పే మనిషి, సొంత మనవరాలి ఊసెత్తితే మాట మార్చేది. అది ఆ పిల్లకి తెలుసు. తెలిసి, పక్క దుప్పటి ముఖం మీదికి లాక్కున్న రోజులున్నాయి.

ఒకసారి కారణాల పిల్లకి పౌరుషం వచ్చింది. "ఎందుకు ఆలస్యం?" అని అడగ్గానే వీధి చివర గడియారం స్తంభం వైపు చెయ్యి చూపించి, "ఆ గడియారం ప్రకారం నేను అసలు ఆలస్యమే కాదు టీచర్," అంది.

"ఆలస్యం కాదా?"

"కాదు టీచర్."

"అయితే ఈ వరుసలో నీకేం పని? ఇది ఆలస్యమైనవాళ్ళది. ఆలస్యం కానివాళ్ళు గంటతోపాటు లోపలికి వస్తారు. ఇంటికెళ్ళి రేపు గంటతో రా."

ఇక గంటమ్మే పిలిచినా, ఇంకెవరు పిలిచినా ఆ రోజు పిల్ల కాలు గడప దాటేది కాదు. ఆలస్యమయ్యానని ఒప్పుకోనివాళ్ళకి ఆ గడప రాయి రాయే. పిల్ల ఏడ్చుకుంటూ ఇంటికెళ్ళింది. సాయంత్రం తల్లి, దర్జీ దుకాణం నుంచి వచ్చీ రాగానే, గంటమ్మ మీద విరుచుకుపడింది.

"సొంత మనవరాలమ్మా అది! వీధిలో అందరి ముందూ పంపించేస్తావా?"

"బళ్ళో నాకు మనవరాళ్ళు లేరే," అంది గంటమ్మ. ఆ రాత్రి అమ్మమ్మా మనవరాలూ ఎడమొహం పెడమొహంగా అన్నం తిన్నారు. మర్నాటి నుంచి పిల్ల మళ్ళీ ఆలస్యంగానే వచ్చింది, కాకపోతే ఆలస్యమయ్యానని ఒప్పుకుని, కారణం చెప్పి లోపలికి వెళ్ళింది.

ఆ ఊళ్ళో అందరికీ తెలిసిన మనిషి ఇంకొకాయన ఉన్నాడు. బూడిదరంగు కోటు, అద్దంలా తుడిచిన బూట్లు, చేతికి గడియారం. మృత్యువు అని నోటితో అనడం బాగుండదని వేళాయన అనేవారు. ఎవరి వేళ అయితే వాళ్ళ గుమ్మం ముందు ఆ నిమిషానికి నిలబడేవాడు. నిమిషం ముందు లేదు, నిమిషం వెనక లేదు. ఎవరి మీదా చెయ్యి వేసి లాగేవాడు కాదు, చెప్పులు వేసుకునేదాకా ఆగేవాడు. ముసలివాళ్ళు ఆయన్ని వీధిలో చూసి, "ఇటేనా బాబూ?" అని అడిగేవారు. "ఇవాళ కాదండీ," అని నవ్వి వెళ్ళిపోయేవాడు. జీవితంలో ఒక్కసారైనా ఆలస్యం కాలేదన్నదే ఆయన గర్వం. అది ఆయన నడకలోనే కనిపించేది.

బడికి కూడా ఒకసారి వచ్చాడు, పాత లెక్కల మాస్టారి కోసం. ఆ రోజు పని ప్రార్థన తర్వాతిది కాబట్టి గంటకి ముందే వచ్చి, వెనక బల్ల మీద కూర్చుని, తలవంచుకుని పాటంతా విని, అయ్యాక మాస్టారిని మెల్లిగా వెంటబెట్టుకెళ్ళాడు. ఎంత మర్యాదస్తుడో అన్నారు అందరూ.

ఈ కథ జరిగిన రోజు గంట ఎప్పటిలాగే ఊరి గడియారం కంటే ముందు మోగింది. ఎప్పటిలాగే కారణాల పిల్ల గడప బయట ఉండిపోయింది. వరుసలో తనే మొదటిది. లోపల పాట అందుకున్నారు. వెనకాల బూట్ల చప్పుడు వినపడితే తిరిగి చూసింది. బూడిదరంగు కోటు.

పిల్లే ముందు అడిగింది. "ఎవరి కోసమండీ?"

"లోపల చిన్న పని ఉంది పాపా."

"ఎవరితో?"

"ముందే చెప్పకూడదు. మాకూ నియమాలుంటాయి కదా," అన్నాడు వేళాయన మెత్తగా.

ఆయన వెనకే డాక్టరు సైకిలు దిగాడు. బడి పిల్లల కళ్ళు చూడటానికి అప్పుడప్పుడూ వచ్చే డాక్టరు. ముందు నిలబడ్డదెవరో చూసి, పెదవి కొరుక్కుని, మందుల సంచీ రెండు చేతులతో పట్టుకుని మూడోవాడిగా నిలబడ్డాడు.

అప్పుడే పాటలో ఒక గొంతు ఆగిపోయింది. వీధిలో ఎవరూ గమనించలేదు గానీ, పుట్టినప్పటి నుంచీ ఆ గొంతు పక్కన నిద్రపోయిన పిల్లకి తెలియకుండా ఎలా ఉంటుంది? అందరికంటే అరక్షణం ముందు నడిచే గొంతు అది. ఇప్పుడు పాటకి ముందు ఎవరూ లేరు. పిల్లల గొంతులు ఒక్కసారి తడబడ్డాయి, మళ్ళీ సర్దుకున్నాయి. ఎత్తుకున్న పాట వదలకూడదు.

"అమ్మమ్మా!" అంటూ పిల్ల గడప మీదికి కాలు వేసింది. కాలు వెనక్కి పడింది. మళ్ళీ వేసింది. మళ్ళీ వెనక్కే. డాక్టరు ముందుకొచ్చి తనూ ప్రయత్నించాడు. ఆయన బూటు వచ్చి ఆయన రెండో బూటు పక్కనే నిలబడింది.

వేళాయన గడియారం చూసుకున్నాడు. "అయింది," అని తనలో తను అనుకుని, కోటు సర్దుకుని అడుగు వేశాడు. ఆయన అడుగు కూడా వెనక్కే పడింది. ఆయన తన బూటు వంక అలాగే చూస్తూ ఉండిపోయాడు. ఎక్కడికి వెళ్ళినా తలుపులు తెరుచుకునే మనిషి, వరుసలో నిలబడటం అదే మొదలు.

పాట అయిపోగానే లోపలి నుంచి ఒక పిల్ల గబగబా నడుచుకుంటూ వచ్చింది. కారణాల పిల్ల పక్క బల్ల మీద కూర్చునే స్నేహితురాలు. ఏడుపు ఆపుకుంటోంది గానీ పరుగెత్తలేదు.

"పెద్ద టీచర్ పడిపోయారే. చెయ్యి చల్లగా ఉంది. ఊపిరి ఉంది. పాట ఆపొద్దని సైగ చేసి కళ్ళు మూసుకున్నారు."

 అడగడానికి గడప దగ్గరికి రావాల్సిన మనిషి లోపల నేల మీద పడి ఉంది. దానికీ నియమం ఉంది, గంటమ్మకి గొంతు బొంగురుపోయిన రోజుల్లో పాటించేవారు: అడిగేవాళ్ళు రాకపోతే, తమ బదులు ఇంకొకర్ని అడగమని చెప్పకపోతే, వరుసలో మొదట ఉన్నవాళ్ళు మిగతావాళ్ళని అడగాలి. అందరూ వెళ్ళాక, చివర వెళ్ళినవాళ్ళు గడప లోపల నిలబడి వెనక్కి తిరిగి మొదటివాళ్ళని అడగాలి. తనని తనే అడుక్కోవడం కుదరదు.

అంటే అడగాల్సింది కారణాల పిల్లే. పిల్ల డాక్టరు చెయ్యి పట్టుకుంది. "డాక్టర్ గారూ, ముందు మీరు చెప్పండి! ఎందుకు ఆలస్యం?" డాక్టరు ఏదో చెప్పాడు. పిల్ల "రండి" అంది. ఆయన కాలు లేచింది, వెనక్కి పడింది. వరుస తప్పితే గడప ఒప్పుకోదు, అప్పుడు చెప్పిన కారణం లెక్కలోకీ రాదు.

పిల్లకి విషయం అర్థమైంది. డాక్టరు లోపలికి వెళ్ళాలంటే ముందు వేళాయన్ని అడగాలి. అడిగాక ఆయన నిజమైన కారణం ఒక్కటి చెప్పాడా, "రండి" అనాల్సిందే. అసలు అడక్కుండా ఊరుకుంటే డాక్టరూ బయటే, అమ్మమ్మ లోపల చల్లబడుతూ ఉంటుంది. ఎదురుగా బట్టీవాళ్ళు, మంగలి, పాలవాడు, గడియారం స్తంభం దగ్గర పత్రికలమ్మే ఆవిడ, అందరూ పనులొదిలేసి చూస్తున్నారు. 

పిల్ల గడపకి వీపు పెట్టి, వేళాయన వైపు తిరిగి నిటారుగా నిలబడింది.  గొంతు అమ్మమ్మ గొంతులాగే వచ్చింది.

"ఎందుకు ఆలస్యం?"

వేళాయన కనుబొమలు పైకి లేచాయి. "ఎవరు, నేనా?"

"మీరే అండీ."

"పాపా, నేను ఆలస్యం కాలేదు." గడియారం పిల్ల ముఖం ముందు పెట్టాడు. "చూడు. సరిగ్గా రావాల్సిన నిమిషానికి వచ్చాను. మీ గంటే ముందు కొట్టింది."

"గంట ముందు కొట్టింది కాబట్టి ఆలస్యమయ్యాను అని చెప్పండి. అది నిజమే కదా. ఇంతకుముందు ఆ మాట ఎవరూ చెప్పలేదు కూడా. చెబితే నేను రండి అంటాను. అనాల్సిందే, నియమం." పిల్ల కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. అయినా ఉన్నదున్నట్టు చెప్పింది, దాచలేదు. దాస్తే అది అబద్ధంతో సమానమని ఆ పిల్లకి నేర్పిన మనిషి లోపల ఉంది.

వేళాయన నోరు తెరిచాడు.  చెప్పాల్సింది చిన్న మాట. 'ఆలస్యమయ్యాను.' పసిపిల్లలు రోజూ చెప్పే మాట. ఆయన పెదవులు కదిలాయి, మాట మాత్రం గొంతు దాటి రాలేదు. ఆయన బట్టీవాళ్ళ వంక చూశాడు. మంగలి వంక చూశాడు. వీళ్ళ తాతలకీ, తండ్రులకీ తన నిమిషం తప్పలేదు. రాజుల దగ్గర తప్పలేదు, బిచ్చగాళ్ళ దగ్గర తప్పలేదు. ఇప్పుడు ఒక బడి గడప ముందు, పద్నాలుగేళ్ళ పిల్ల అడిగితే, వీధి వినేలా తప్పిందని చెప్పాలి.

"లేదు," అన్నాడు చివరికి, వెన్ను నిటారుగా చేసుకుని. "నేను ఆలస్యం కాలేదు. ఎప్పుడూ కాలేదు."

"అయితే మీరు ఈ వరుసలో ఉండకూడదండీ. ఇది ఆలస్యమైనవాళ్ళది. రేపు గంటతోపాటు రండి."

"రేపు కుదరదు. ఈ పని ఈ వేళది. ఈ వేళ దాటిపోయిందంటే నాకు మళ్ళీ ఎప్పుడు రాసిపెడతారో నాకే తెలీదు. ఏళ్ళు పట్టొచ్చు."

 పిల్ల వీధి వైపు చెయ్యి చూపించింది, అమ్మమ్మ ఒకప్పుడు తనని ఇంటికి పంపించినట్టే.

 తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడని అంటారు గానీ, వేళాయనకి ఆ సామెతతో పని పడటం అదే మొదటిసారి అయి ఉంటుంది. కోపం రాలేదు. "ఈ నియమం నీకు ఎవరు నేర్పారు?" అని మాత్రం అడిగాడు.

"లోపలున్నావిడే."

"బాగా నేర్పారు," అన్నాడు. కోటు గుండీ పెట్టుకుని, వరుసలోంచి పక్కకి తప్పుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. వీధి మలుపులో గడియారం చూసుకుని అడుగుల వేగం పెంచాడు, ఇంకెక్కడో ఇంకెవరి దగ్గరో వేళకి ఉండాలి కాబోలు.

"ఎందుకు ఆలస్యం?" పిల్ల అప్పటికే డాక్టరు వైపు తిరిగింది.

"బద్ధకం తల్లీ. మెలకువ వచ్చింది, లేవబుద్ధి కాలేదు. ఇంకాసేపు పడుకున్నాను." డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి. బద్ధకమని ఆ గడప దగ్గర అంతవరకూ ఎవరూ ఒప్పుకోలేదు. బట్టీవాళ్ళలో ఒకడు కిసుక్కుమన్నాడు.

"రండి!"

డాక్టరు గడప దాటాడు. దాటి, నియమం గుర్తొచ్చి, అక్కడే ఆగి వెనక్కి తిరగబోయాడు. "మరి నిన్ను నేను అడగాలి కదా..."

"తిరక్కండి డాక్టర్ గారూ! నా కారణం చెప్పడానికి టైం పడుతుంది. మీరు వెళ్ళండి."

డాక్టరు ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత సంచీ గుండెలకి అదుముకుని వసారాలోకి పోయాడు. పరుగెత్తకూడదు కాబట్టి, పరుగుకీ నడకకీ మధ్య ఇంకేదో ఉంటే అది చేశాడు. చివర వెళ్ళిన మనిషి అడక్కుండానే వెళ్ళిపోయాడు. ఇక కారణాల పిల్లని అడిగేవాళ్ళు లేరు. అమ్మమ్మ ఎలా ఉందో చూడాలని ప్రాణం కొట్టుకుపోతున్నా, ఆ పిల్ల గడప బయటే నిలబడాలి.

నిలబడింది. బట్టీ ఆవిడ నీళ్ళు తెచ్చి ఇస్తే తాగింది. పీట తెస్తే కూర్చోలేదు. "కూర్చుంటే ఎవరేమంటారే?" అంటే, "వరుసలో ఉన్నాను కదండీ," అంది. ఆ వరుసలో ఆ పిల్ల ఒక్కతే ఉంది. బట్టీ ఆవిడ కళ్ళు తుడుచుకుంటే చేతికున్న పిండి ముఖమంతా అయింది. అక్కడున్నవాళ్ళలో ఎవరికీ నవ్వు రాలేదు.

ఎండ స్తంభాల మీది నుంచి గోడ మీదికి పాకింది. స్నేహితురాలు మళ్ళీ వచ్చింది, ఈసారి ముఖం వెలుగుతోంది.

"కళ్ళు తెరిచారే! డాక్టర్ గారు సూది ఇచ్చారు. గుండె మళ్ళీ దారిలో పడిందట. ఇంకాస్త ఆలస్యమై ఉంటే ఏమీ చేయలేకపోయేవాణ్ణి అన్నారు. పెద్ద టీచర్ కళ్ళు తెరవగానే, గడప దగ్గర ఎవరు అడిగారు అని అడిగారు. డాక్టర్ గారు అంతా చెప్పారు. వేళాయన సంగతి కూడా."

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. లేపమన్నారు."

నిజంగానే లేపమంది. డాక్టరు లేవడానికి వీల్లేదన్నాడు. "లేవకుండా గడప దగ్గరికి ఎలా పోతానయ్యా? అక్కడ ఒకరు వరుసలో ఉన్నారు," అంది గంటమ్మ. ఆవిడతో వాదించి నెగ్గినవాడు ఆ ఊళ్ళో పుట్టలేదు, డాక్టరు పుట్టిందీ ఆ ఊళ్ళోనే.

చెరో పక్కా ఒక పెద్ద పిల్ల పట్టుకోగా గంటమ్మ వసారాలోంచి వచ్చింది. ముడి వదులై జుట్టు భుజం మీద పడింది. ముఖం ఇంకా తెల్లగానే ఉంది. వెనకాల బడి మొత్తం, టీచర్లతో సహా, చప్పుడు లేకుండా నడిచి వచ్చింది. గడపకి అటు గంటమ్మ, ఇటు కారణాల పిల్ల.

"ఎందుకు ఆలస్యం?" అంది గంటమ్మ. గొంతు బలహీనంగా ఉంది, కరకుదనం మాత్రం ఎక్కడికీ పోలేదు.

పిల్ల తల వంచుకుంది. పిల్లి గురించీ మంగలి గురించీ గడగడా చెప్పే పిల్లకి ఆ రోజు నోరు రాలేదు. ఏదో గొణిగింది.

"అందరికీ వినపడేలా."

"పొద్దున దారిలో మా అమ్మమ్మ నాకంటే ముందు నడుస్తోంది," అంది పిల్ల నేల చూపులు చూస్తూ. "గోడ పట్టుకుని నడుస్తోంది. రెండడుగులు వేసి ఆగుతోంది. చెయ్యి పట్టుకుంటానంటే ఊరుకోదు, తిడుతుంది. తను అలా నడుస్తున్నట్టు ఎవరికీ తెలియకూడదని అమ్మమ్మ బాధ. అందుకని కనపడకుండా వెనకే వచ్చాను. పడితే పట్టుకుందామని. అమ్మమ్మ గంట వేళకి చేరుకుంది. తనని దాటి రావడానికి నాకు కాళ్ళు రాలేదు. అందుకు ఆలస్యం."

 గంటమ్మ "రా" అనాలి. నోరు తెరిచింది, మూసింది. మళ్ళీ తెరిచింది. ఏళ్ళ తరబడి ఆ గడప దగ్గర ఎన్నోసార్లు అన్న ఆ ఒక్క మాట ఆవిడకి ఆ పూట చాలినట్టు లేదు. చుట్టూ బడి పిల్లలున్నారు. గడప లోపల ఆవిడకి మనవరాళ్ళు లేరు.

పట్టుకున్న పిల్లల చేతులు మెల్లిగా విడిపించుకుని, గంటమ్మ గడప దాటి వీధిలోకి వచ్చేసింది.

వచ్చి, మనవరాలి భుజం మీద చెయ్యి వేసి దగ్గరికి లాక్కుంది. ఆసరా కోసం వేసిన చెయ్యి కాదు. బట్టీవాళ్ళ వైపు, మంగలి వైపు, పాలవాడి వైపు, వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా తిరిగి చూసింది.

"చూశారుగా? ఇది నా మనవరాలు," అంది. "నా కూతురి కూతురు. నా మనవరాలు."

అందరికీ తెలిసిన సంగతే. అయినా మొదటిసారి విన్నట్టు తలలూపారు. పిల్ల అమ్మమ్మ భుజంలో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. గంటమ్మ ఏడవలేదు. ఏడుపు ఎందుకు, మహారాణిలా నిలబడి ఉంది.

కాసేపటికి లోపలికి వెళ్దామని అడుగు వేసింది. అడుగు వెనక్కి పడింది. ఆవిడ కూడా ఇప్పుడు గడప బయట మనిషే మరి. బట్టీవాళ్ళకి నవ్వు ఆగలేదు, ఈసారి డాక్టరు కూడా నవ్వాడు. నియమం నియమమే. తన బదులు అడగమని గంటమ్మ సైగ చేస్తే, మనవరాలి స్నేహితురాలు గడప లోపల ముందుకి వచ్చింది. భయంతో రెండు చేతులూ నలుపుకుంటూ, మొదట తన పక్క బల్ల పిల్లని "రా" అని పిలిచింది. ఆ పిల్ల కారణం అందరూ విన్నారు కదా. తర్వాత పెద్ద టీచరు వైపు చూసింది.

"మీరు... ఎందుకు ఆలస్యం టీచర్?"

గంటమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. వదులైన ముడి బిగించుకుంది. తర్వాత, నియమం ప్రకారం, వీధికీ బడికీ వినపడేలా గొంతెత్తి నిజం చెప్పింది.

"నా మనవరాలిని చూసుకుని పొంగిపోతూ ఇక్కడే నిలబడిపోయానమ్మా."

ఆ గడప దగ్గర అంతకుముందు ఆవిడ గానీ, ఇంకెవరు గానీ ఆ కారణం చెప్పి ఉండలేదు. అందుకని చెల్లింది.